హాలీ రూపాయి అరిగిందా?
(మేడారంలో జరిగిన సభ్యుల కలయికలో చేసిన ప్రసంగం)



గద్దెల దగ్గర మొక్కి వచ్చాం. తల్లుల హుండీలో వేసే రూపాయికి అరుగుదల లెక్క ఎవరూ చూడరు. నేను చెప్పేది మన ఇళ్లలో, ట్రంకు పెట్టె అడుగున, గుడ్డమూటలో ఉన్న వెండి రూపాయల సంగతి.

మన సభ్యుడొకరు కాలం చేశాక ఆయన భార్య, నాకు వదినగారి వరుస, పన్నెండు రూపాయలు ఒక దుకాణానికి తీసుకెళ్లారు. "అరిగినయమ్మా, ఒక్కోటి అర గ్రాము తక్కువున్నయి" అని కోత వేసి, అన్నిటికీ ఒకే ధర చెప్పారట. ఆమె అమ్మకుండా నా దగ్గరికి తెచ్చారు. చూస్తే తొమ్మిది హాలీ, మూడు కల్దారు.

కిటుకు ఇక్కడే ఉంది. కల్దారు, అంటే ఇంగ్లీషువాళ్ల రూపాయి, సరిగ్గా తులం: 11.66 గ్రాములు. నిజాం చార్మినార్ రూపాయి టంకశాలలోనే 11.18 గ్రాములు. ఆ అర గ్రాము అరిగింది కాదు, పుట్టుకతోనే లేదు. వెండి పాలు కూడా వేరు. కల్దారులో 91.7 శాతం, హాలీలో 81.8. పెద్దలు ఏడు హాలీలకు ఆరు కల్దారులని లెక్క కట్టేవారు గదా; ఏ వైపు గుణించినా వెండి 64 గ్రాములే వస్తుంది. కనుక హాలీకి మాలు తక్కువని ఒక కోత వేస్తే న్యాయమే. అరుగుదల పేరుతో రెండో కోత న్యాయం కాదు.

1906 నాణేల చట్టం కల్దారుకు నూటికి రెండు వంతుల తరుగు ఒప్పుకున్నది. అంటే పావు గ్రాము లోపే. చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఉంటే ఇంట్లోనే తేలిపోతుంది. దండకు గుచ్చినవైతే అతికించిన కొక్కెం బరువు తీసేయాలి.

ఇక సేకరణదారులు చూసేది బరువు కాదు, ముఖం. ఎత్తుగా ఉన్న చోటు ముందు అరుగుతుంది. విక్టోరియాకు చెవి పైని జుట్టు, ఎడ్వర్డుకు గడ్డం, ఐదో జార్జికి కిరీటం, అంగీ మీది ఏనుగు. (1911లో ఆ ఏనుగు పందిలా ఉందని గొడవైతే మరుసటి ఏడు మార్చారు.) హాలీకైతే మీనార్ల గీతలు, చార్మినార్ ద్వారంలోని అక్షరం చూడాలి. మహబూబ్ అలీ ఖాన్‌కు మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఐన్. మన కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో 'గుడ్' అని రాస్తే సంతోషించేవాళ్లం. నాణేల భాషలో 'గుడ్' అంటే బొమ్మ ఆకారం మాత్రమే మిగిలిందని! దానిపైన 'ఫైన్', 'వెరీ ఫైన్', 'ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్'. చేతులు మారనిది 'అన్‌సర్క్యులేటెడ్'.

నలుపు అరుగుదల కాదు. అమ్మలకు ప్రత్యేకంగా మనవి: చింతపండు, ముగ్గుపిండి, పళ్లపొడి పెట్టి తోమకండి. నలుపుతో పాటు ఆ సన్న గీతలూ పోతాయి. తళతళ మెరిసే తోమిన రూపాయిని సేకరణదారు పక్కకు నెట్టేస్తాడు.

వదినగారి హాలీల్లో ఏదీ 11.05కు తగ్గలేదు. కల్దారుల్లో ఒకటి 1942 నాటిది. 1940 నుంచి 1945 వరకు వేసిన రూపాయల్లో వెండి సగమే కనుక, ఆ ఒక్కదానికీ దుకాణం చెప్పిన ధర ఎక్కువే! ఒక్కోదాని బరువు, వెండి కాగితం మీద రాసిచ్చాను. ఆమె దానితో వేరే దుకాణానికి వెళ్లారు. గీతలు స్పష్టంగా ఉన్న రెండు హాలీలు మాత్రం మనవరాలికని ఉంచుకున్నారు.

భోజనాల తర్వాత నా త్రాసు, భూతద్దం ఇక్కడే ఉంటాయి. తెచ్చినవాళ్లు చూపించండి.