ఆంగ్ల సాహిత్య పాఠమునకు సిద్ధపాటు
(ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఆంగ్ల సాహిత్యం ఆసక్తి కలిగేటట్లు చెప్పాలంటే పాఠాన్ని ముందుగా ఎట్లా సిద్ధపరచుకోవాలి అన్నది నాకు అప్పగించిన అంశం. మనమందరం శిక్షణ కళాశాలలో పాఠ్య పథకాలు వ్రాసినవారమే. లక్ష్యాలు, ఉపకరణాలు, మూల్యాంకనం అని గళ్లు గీసి, సంతకాలు చేయించుకున్నవారమే. అందుచేత సిద్ధాంతాల జోలికి ఎక్కువగా పోకుండా, మనకందరికీ తెలిసిన రెండు పాఠాలను ఎదుట పెట్టుకొని మాట్లాడతాను.

మామూలుగా పాఠం ఎట్లా జరుగుతుంది? ఉపాధ్యాయుడు ఒక పంక్తి చదువుతాడు. దానికి తెలుగులో అర్థం చెబుతాడు. మరొక పంక్తి, మరొక అర్థం. చివర సారాంశం. మరునాడు ప్రశ్నలు, జవాబులు నల్లబల్ల మీద వ్రాస్తాడు. పిల్లలు ఎక్కించుకుంటారు, కంఠస్థం చేస్తారు. తరగతి నిశ్శబ్దంగా ఉంటుంది, సిలబస్ పూర్తవుతుంది, పై అధికారి వచ్చి చూసినా తప్పు పట్టడానికేమీ ఉండదు. అయితే ఆ గంటలో పద్యాన్ని చదివినవాడు ఒక్కడే, ఉపాధ్యాయుడు. పిల్లలు చదివింది ఉపాధ్యాయుని మాటలను మాత్రమే.

గురజాడవారి కన్యాశుల్కం 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయింది. అందులో గిరీశం, వెంకటేశం కలిసి నోటికి వచ్చిన ఇంగ్లీషు ముక్కలను ఒకరికొకరు అప్పజెప్పుకుంటే ఇంటివారు మురిసిపోతారు. మనం ఆ ఘట్టానికి నవ్వుకుంటాం. తనకు అర్థంకాని జవాబును అందంగా వ్రాసి పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్న పిల్లవాణ్ణి చూసి మనం మురిసిపోవడం కూడా అటువంటిదే కదా!

నా మనవి ఒక్కటే. పాఠానికి సిద్ధపడడమంటే ఏమి చెప్పాలో సిద్ధం చేసుకోవడం కాదు. పిల్లలను ఏ ప్రశ్న అడగాలో, ఎక్కడ మనం నోరు మూసుకోవాలో ముందుగా నిర్ణయించుకోవడం. ప్రశ్న ముందు రావాలి, పఠనం తరువాత, పిల్లల మాట ఆ తరువాత. మన వివరణ అన్నిటికంటె చివర రావాలి.

మొదటి ఉదాహరణగా వర్డ్స్‌వర్త్ వ్రాసిన డాఫొడిల్స్ పద్యాన్ని తీసుకుందాం. పద్యం చిన్నది. కాని మన పిల్లలలో డాఫొడిల్ పువ్వును చూసినవారు ఎవరు? మనలో మాత్రం ఎందరు? పసుపుపచ్చని పువ్వు అనగానే తంగేడు పూసిన గుట్టను తలచుకోమనవచ్చు, మంచిదే. అయితే డాఫొడిల్ అంటే తంగేడు అని నోట్సులో వ్రాయించి ముగించకూడదు. అది దుంపనుండి మొలిచే మొక్క. దీర్ఘమైన చలికాలం గడచి వసంతం వచ్చే వేళ ఆ దేశంలో పూస్తుంది. చలికి మగ్గిన కన్నులకు ఆ పసుపు రంగు ఎంత పండుగో చెబితే, కవి సంతోషానికి కారణం పిల్లలకు సగం తెలిసినట్లే.

మొదటి రోజు పుస్తకాలు మూయించి ఈ ప్రశ్న వేయండి: “మీరు ఎప్పుడో చూసినది, ఇప్పుడు కళ్లు మూసుకుంటే మళ్లీ కనబడేది ఏమిటి?” ఒకడు గోదావరి వరద అంటాడు. ఒక పిల్ల తన అమ్మమ్మగారి ఊరి జాతర అంటుంది. ఐదు నిమిషాలు చాలు. ఆ పద్యం చివరి చరణం చెప్పేది సరిగ్గా ఈ సంగతే. దానిని మీరు చెప్పకండి. పద్యాన్ని నెమ్మదిగా, స్పష్టంగా రెండుసార్లు చదవండి. తరువాత పుస్తకాలు తెరిపించి, తాము ఇందాక చెప్పుకొన్న సంగతి పద్యంలో ఎక్కడ ఉన్నదో వెదకమనండి. అర్థం తెలియక ఆగిపోయే ఐదారు మాటలకు మాత్రమే అర్థం చెప్పండి. మిగిలినవి పద్యమే చెబుతుంది.

రెండవ రోజున అసలు రుచి ఉన్నది. 1802 ఏప్రిల్ 15న వర్డ్స్‌వర్త్, ఆయన చెల్లెలు డొరొతి అల్స్‌వాటర్ అనే సరస్సు ఒడ్డున నడుస్తుండగా ఆ పూలను చూశారు. డొరొతి ఆనాటి సంగతి తన దినచర్య పుస్తకంలో వ్రాసుకున్నది. ఆ రోజు గాలి ఉద్ధృతంగా వీచిందనీ, కొన్ని పూలు అలసినట్లు రాళ్లమీద తలలు వాల్చాయనీ, తక్కినవి గాలితో కలిసి నవ్వుతూ ఆడాయనీ ఆమె వ్రాసింది. అన్న పద్యం వ్రాసింది రెండేళ్ల తరువాత, 1804లో. అచ్చయింది 1807లో. పద్యంలో చెల్లెలు లేదు. ఆయన ఒంటరిగా తిరుగుతున్నాడు. ఆ పెనుగాలి చిరుగాలిగా మారిపోయింది.

నల్లబల్లను రెండుగా విభజించండి. ఒకవైపు దినచర్యలోని సంగతులు, మరొకవైపు పద్యంలోని సంగతులు పిల్లలచేతనే చెప్పించి వ్రాయండి. అప్పుడు అడగండి: “కవి తన చెల్లెలిని ఎందుకు వదలివేశాడు?” ఈ ప్రశ్నకు ఏ గైడులోనూ జవాబు దొరకదు. కవి అబద్ధం చెప్పాడని ఒకడంటాడు. ఒంటరివానికే పూలు స్నేహితులుగా తోస్తాయి కనుక అట్లా వ్రాశాడని మరొక పిల్ల అంటుంది. ఆ పిల్లకు తెలియకుండానే ఆమె సాహిత్య విమర్శ చేసింది!

ఇంకా ఉన్నది. 1807 ప్రతిలో మొదటి చరణంలో ఆ పూలకు డాన్సింగ్ అనే విశేషణం ఉండేది. 1815లో కవి దానిని గోల్డెన్ అని మార్చాడు, మరొక చరణం కూడా చేర్చాడు. ఏ మాట మేలో తరగతిలో చేతులెత్తించండి. చేయి ఎత్తిన ప్రతివాడూ ఒక కారణం చెప్పాలి. ఈ పద్యంలో మిక్కిలి మంచి పంక్తులు రెండు తన భార్య మేరీ ఇచ్చినవని కవి స్వయంగా చెప్పుకొన్నాడు. అవి ఏవో పిల్లలను ఊహించమనండి. లోచూపును గూర్చిన ఆ రెండు పంక్తులు చివరి చరణంలో ఉన్నాయని చెప్పేసరికి, అచ్చులో కనబడే పద్యం ఆకాశంనుండి ఊడిపడదనీ, మనవంటి మనుష్యులు దిద్దుకుంటూ వ్రాసుకుంటారనీ వారికి తెలుస్తుంది. తమ వాక్యాన్ని తాము దిద్దుకోవడానికి అప్పుడు సిగ్గుపడరు.

రెండవ ఉదాహరణ షేక్‌స్పియర్ వెనిస్ వర్తకుడు, నాలుగవ అంకంలోని న్యాయసభ. బాకీ మూడువేల డకట్లు, గడువు మూడు నెలలు, తప్పితే ఒక పౌను మాంసం. పత్రం మీద అంటోనియో సంతకం ఉన్నది. గడువు దాటింది. పత్రం చెల్లుతుందని పోర్షియా కూడా ఒప్పుకుంటుంది. సరిగ్గా ఇక్కడ పుస్తకం మూయించండి. “మీరే న్యాయమూర్తులు. ఏమి తీర్పు చెబుతారు?” అని అడగండి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరిద్దరు మాట్లాడుకొని తీర్పు చెప్పాలి. చట్టాన్ని త్రోసివేస్తే రేపు ఏ పత్రానికి విలువ ఉంటుంది? చట్టం పాటిస్తే మనిషి చస్తాడు. ఈ ఇరుకులో పిల్లలు పది నిమిషాలు నలిగిన తరువాత పోర్షియా మాట వినిపిస్తే, ఆ మాట వారి చెవులకు పిడుగులా వినబడుతుంది. ముందుగానే కథంతా చెప్పివేస్తే అది ఉత్త జవాబు మాత్రమే.

ఇక్కడ మన పాఠశాలల్లో పనిచేసేవారికి ఒక మాట ప్రత్యేకంగా మనవి చేయాలి. ఆ తీర్పు అంతటితో ముగియదు. షైలాకు ఆస్తి పోతుంది, పైగా అతడు క్రైస్తవుడు కావాలని షరతు పెడతారు. అదే సభలో కొంచెం ముందు కరుణను గూర్చి అంత గొప్ప ఉపన్యాసం విన్నాము. ఈ చోట మనం గబగబా పుట త్రిప్పివేయకూడదు. 1290లో ఇంగ్లండు యూదులను వెళ్లగొట్టింది. వెనిస్ నగరం 1516లో వారిని ఒక పేటలో ఉంచి రాత్రివేళ ద్వారాలు మూసేది. ఈ రెండు సంగతులు చెప్పి, “కరుణ చూపమని అడిగినవారు కరుణ చూపారా?” అని అడగండి. ఏ మతానికి చెందిన పిల్లవాడైనా నిర్భయంగా జవాబు చెప్పగలగాలి. బలవంతపు విశ్వాసాన్ని గూర్చి మన బడిలోనే స్వేచ్ఛగా మాట్లాడనివ్వకపోతే ఇంకెక్కడ మాట్లాడతారు?

ఇక నలభై ఐదు నిమిషాల గంటను ఎట్లా పంచుకోవాలి? ప్రశ్నకు ఐదు నిమిషాలు. దానిని నల్లబల్ల మూల వ్రాసి గంట చివరివరకు చెరపకండి. చదవడానికి పది. పిల్లలు మాట్లాడుకోవడానికి పదిహేను. ప్రతివాడూ ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాలు వ్రాయడానికి పది. ఆఖరి ఐదు నిమిషాలు మనవి.

మీకు కలిగే సందేహాలు నాకు తెలుసు. తరగతిలో అరవైమంది ఉన్నారంటారు. అరవైమందితో ఒక్క ఉపాధ్యాయుడు మాట్లాడలేడు, నిజమే. అందుకే బెంచీ పక్కవానితో మాట్లాడించాలి. అప్పుడు ఒక్కసారే ముప్పై సంభాషణలు జరుగుతాయి. కొంత గోల అవుతుంది. ప్రధానోపాధ్యాయులు దానిని ఓర్చుకోవాలని ఈ సభాముఖంగా విజ్ఞప్తి చేస్తున్నాను.

పిల్లలకు ఇంగ్లీషు రాదంటారు. మొదట తెలుగులో మాట్లాడనివ్వండి. ఆలోచన పుట్టిన తరువాత దానికి ఇంగ్లీషు మాటలు వెదకడం నేర్పవచ్చు. ఆలోచనే లేనివానికి మాటలు ఇచ్చినా నిలువవు. 1979 నుండి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభుగారు బెంగుళూరు, మద్రాసు ప్రాంతాల మామూలు బడులలో నడిపిన ప్రయోగంలో వ్యాకరణ సూత్రాలకు బదులు పిల్లలకు పనులు ఇచ్చారు. ఉపాధ్యాయుడు ముందు అటువంటి పనినే తరగతితో కలిసి చేసి చూపేవాడు, తరువాత పిల్లలు ఒంటరిగా చేసేవారు. మనసు అర్థం మీద నిలిచినప్పుడు భాష వస్తుందన్నది ఆ ప్రయోగానికి ఆధారమైన నమ్మకం. సాహిత్య పాఠానికి కూడా ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. మొదటి చరణాన్ని అందరితో కలిసి వెదకండి, రెండవదానిని వారికి వదలండి.

పరీక్షల మాటేమిటంటారు. పది పాఠాలలోనూ ఇట్లా చేయమని నేను అనడం లేదు. ఏడాదికి నాలుగు పాఠాలు ఎన్నుకోండి. తక్కినవి మామూలుగా చెప్పుకోండి. ఆ నాలుగింటిలో తన మాటలతో వ్రాయడం అలవాటైనవాడు, పరీక్షలో ప్రశ్న కొంచెం మలుపు తిరిగితే కలం క్రింద పెట్టి కూర్చోడు. అతని వాక్యంలో వ్యాకరణ దోషం ఉంటే దిద్దండి. కాని ఆలోచనకు కూడా ఒక టిక్కు పెట్టండి. ఎర్ర సిరా తప్పులకే కాదు, మెప్పుకు కూడా పనికి వస్తుంది.

ఇదంతా ఎందుకు? మన పిల్లలలో చాలామందికి పదవ తరగతి తరువాత ఎవరూ ఒక పద్యాన్ని ఎదుట పెట్టి, “నీకేమనిపించింది?” అని అడగరు. కొందరు పనిలోకి పోతారు, కొందరు లెక్కలలోకి, యంత్రాలలోకి పోతారు. పుస్తకాన్ని గూర్చిన అభిప్రాయం ఎవరో పెద్దవారి సొత్తు, దానిని ఎక్కించుకోవడమే మన పని అని బడిలో నేర్చుకున్నవాడు, రేపు పత్రికను, ఉపన్యాసాన్ని, పత్రాన్ని కూడా అట్లాగే నమ్ముతాడు. సంతకం చేసే ముందు పత్రం చదవాలన్నది అంటోనియో కథ మనకు చెప్పనే చెబుతున్నది!

మన భాషలోనే ఒక మంచి ఉదాహరణ ఉన్నది. గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ నవలను కందుకూరి వీరేశలింగంగారు చదివారు. ఆయనా బడిపంతులే. దానిని వల్లె వేయలేదు. ఆ ప్రేరణతో గోదావరి తీరపు మనుష్యులను, వారి మూఢనమ్మకాలను, కష్టసుఖాలను తెలుగులో రాజశేఖర చరిత్రముగా వ్రాశారు. ఆ పుస్తకమే మళ్లీ 1887లో ఇంగ్లీషులోకి అనువాదమై ఆ దేశపు పాఠకులకు అందింది. చదువరి అంటే అట్లా బదులు పలికేవాడు. మన తరగతిలో వెనుక బెంచీ పిల్లవాడు వ్రాసే రెండు తప్పుల వాక్యం కూడా అటువంటి బదులే. దానిని వినడానికి సమయం ఉంచుకోవడమే పాఠానికి నిజమైన సిద్ధపాటు.

రేపు సోమవారం మీ పాఠ్య పథకంలో ఒక ప్రశ్న మాత్రం మొదట వ్రాసుకోండి. మీకు కూడా జవాబు పూర్తిగా తెలియని ప్రశ్న అయితే మరీ మంచిది.