మన తలంపు వేరు, ఉన్న సంగతి వేరు

వికారాబాదు, తాండూరు ప్రాంతాల సంఘాలను మనస్సులో ఉంచుకొని ఈ మాటలు చెప్తున్నాను. మీరు మరొక ఊరి వారైనా ఇది మీకూ చెందిన సంగతే.

2022 డిసెంబరు 7న వికారాబాదు జిల్లా మర్పల్లి మండలములోని పొలాల్లో ఆకాశము నుండి గుండ్రని పెద్ద వస్తువు ఒకటి దిగింది. చుట్టుపక్కల జనము పరుగెత్తి వచ్చారు. వేరే గ్రహము నుండి వచ్చిందేమో అనుకొన్నవారు కూడా ఉన్నారు. తరువాత తెలిసింది ఏమిటంటే, అది హైదరాబాదులోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రము నుండి పరీక్ష కొరకు పైకి పంపిన క్యాప్సూల్. రేపు మనుష్యులను ఎక్కించుకొని ఆకాశపు అంచు దాకా తీసుకువెళ్లాలని ఒక విదేశీ కంపెనీ చేస్తున్న ప్రయత్నము. చూడండి, పొలములో ఉన్న వస్తువు ఒక్కటే, తలంపులు మాత్రము ఎన్నో. ఎవరు ఏమి అనుకొన్నా ఆ వస్తువు మారలేదు.

పల్లె జనము గదా, అలాగే అనుకొంటారులే అని నవ్వకండి. గొప్పగా చదువుకొన్నవారికి కూడా ఇదే జరిగింది. దానికి సాక్ష్యము మన అనంతగిరి కొండ మీదనే ఉంది.

మూసీ నది పుట్టే ఆ కొండ మీద నిజాము కాలములో క్షయ రోగుల కొరకు ఆసుపత్రి కట్టారు. ఊరికి దూరముగా, అడవిలో, కొండ మీద ఎందుకు కట్టారు? ఆ రోజుల్లో లోకమంతటా వైద్యుల తలంపు అదే గనుక. 1850లలో జర్మన్ వైద్యుడు హెర్మన్ బ్రేమర్ కొండ గాలి, విశ్రాంతి, బలమైన ఆహారము క్షయను బాగుచేస్తాయని నమ్మి కొండ ప్రాంతములో శానిటోరియము మొదలుపెట్టాడు. ఆ పద్ధతి దేశదేశాలకు పాకింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరము పేరు మన సంఘాల పెద్దలలో విననివారు తక్కువ. మిషనులన్నీ కలిసి అక్కడ నడిపిన శానిటోరియములో కూడా గాలి, విశ్రాంతి, ఆహారములే మొదట్లో ముఖ్యమైన చికిత్స. ఆ సేవ చేసినవారు ప్రేమతో చేశారు. నేను వారిని తక్కువ చేయడము లేదు. కొందరు రోగులు నిజముగానే కోలుకొన్నారు. రోగిని ఇంటి నుండి వేరుచేస్తే ఇతరులకు అంటదు అన్న ఆలోచనలో కూడా అర్థముంది.

ఈలోగా 1882 మార్చి 24న రాబర్ట్ కోక్ బెర్లిను నగరములో క్షయకు కారణము ఒక సూక్ష్మజీవి అని చూపించాడు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. 1952లో ఐసోనియాజిడ్ వాడకములోకి వచ్చింది. మందులు వచ్చిన తరువాత కూడా శానిటోరియములో మంచము లేనిదే క్షయ నయము కాదన్న తలంపు పోలేదు. కాని మన దేశములో రోగులు లక్షలు, మంచాలు కొన్ని వేలు. మిగిలినవారి గతి ఏమిటి?

అప్పుడు 1956లో మద్రాసులో ఒక పని చేశారు. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది. మద్రాసు పేదలలో 193 మంది రోగులను తీసుకొని, చీట్లు వేసినట్లుగా రెండు భాగాలు చేశారు. ఒక భాగము శానిటోరియములో మంచి గాలి, మంచి భోజనము, పూర్తి విశ్రాంతితో ఉన్నారు. రెండవ భాగము తమ ఇరుకు గుడిసెలలోనే, చాలీచాలని తిండితో, వీలైతే కూలి పని కూడా చేసుకొంటూ ఉన్నారు. మందులు మాత్రము ఇద్దరికీ అవే, సంవత్సరము పాటు. 1959లో ఫలితాలు ప్రకటించారు. ఇంటి దగ్గర ఉన్నవారు కూడా ఇంచుమించు శానిటోరియము వారివలెనే బాగుపడ్డారు. ఆ తరువాత కొన్నేళ్లు కనిపెట్టి చూస్తే, ఇంటి దగ్గర చికిత్స పొందినవారి కుటుంబాలలో రోగము ఎక్కువగా వ్యాపించలేదని కూడా తేలింది. నూరేళ్ల తలంపు పక్కకు జరిగింది. అప్పటి నుండి పేదవాడు తన ఇంట్లోనే ఉండి మాత్రలు మింగి బ్రతికే దారి తెరుచుకొంది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. సైన్సు ఊరికే మాటలు మారుస్తుంది, దానిని నమ్మకూడదు అని మనలో కొందరు అంటారు. మారినది ఏమిటి? వైద్యుల తలంపు మారింది. సూక్ష్మజీవి మారలేదు. కోక్ చూడకముందు కూడా అది అక్కడే ఉంది. తన తలంపును ఉన్న సంగతి ఎదుట నిలబెట్టి, అది తప్పని తేలితే వదులుకోవడము, నాకు తెలిసినంతలో సైన్సు అంటే ఇదే. ఇంకొందరు ఉన్నారు, పుస్తకములో వ్రాసి ఉంది గనుక ఇక ప్రశ్నే లేదంటారు. వారు కూడా తలంపునే వస్తువు అనుకొంటున్నారు. కొండ గాలి సంగతి కూడా ఒకప్పుడు పుస్తకాలలో వ్రాసి ఉన్నదే!

రెండవ రాజుల గ్రంథము ఐదవ అధ్యాయములో నయమాను మీకు తెలుసు. సిరియా సైన్యాధిపతి, కుష్ఠరోగి. ఎలీషా ఇంటి వాకిట రథము ఆపినప్పుడే అతని మనస్సులో ఒక బొమ్మ సిద్ధముగా ఉంది. ప్రవక్త బయటకు వస్తాడు, నిలబడి ప్రార్థిస్తాడు, చెయ్యి ఆడిస్తాడు, రోగము పోతుంది. అలా జరగలేదు. యొర్దానులో ఏడుసార్లు మునుగు అని కబురు వచ్చింది. అతనికి కోపము వచ్చింది. దమస్కు నదులు ఇంతకంటె మంచివి కావా అన్నాడు. బాగుపడకుండా వెనక్కు వెళ్లిపోయేవాడే, తన తలంపును కాపాడుకోవడానికి! దాసులు బ్రతిమాలితే నీటిలో దిగాడు.

తాండూరులో నాపరాతి గనులలో, పాలిషు యూనిట్లలో పనిచేసే సహోదరులారా, మీకు దగ్గు వస్తే ఏమనుకొంటారు? రాతి దుమ్ము వలన అనుకొంటారు. దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేసేదే, అది అబద్ధము కాదు. అయితే అదే దగ్గులో క్షయ కూడా దాగి ఉండవచ్చు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి తెమడ పరీక్ష చేయించుకోండి. పరీక్షకు డబ్బు అడగరు, మందులకూ అడగరు. దుమ్మా, క్షయా అన్నది మనము అనుకొని తేల్చేది కాదు.

మందులు మొదలుపెట్టినవారికి ఇంకొక ప్రమాదము ఉంది. కొన్ని వారాలకే జ్వరము తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, ఒళ్లు వస్తుంది. నాకు నయమైంది అనుకొంటారు. త్వరగా పెరిగే సూక్ష్మజీవులు ముందు చస్తాయి, నెమ్మదిగా ఉండేవి లోపల మిగిలి ఉంటాయి. అందుకే సాధారణ క్షయకు ఆరు నెలలు. 1948లో బ్రిటను వైద్యులు స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి చూసిన ఫలితాలు ప్రచురించారు. ఆరు నెలలలో మందు తీసుకొన్న 55 మందిలో నలుగురు, తీసుకోని 52 మందిలో 14 మంది చనిపోయారు. గెలిచినట్లే కనబడింది. కాని సూక్ష్మజీవులు ఆ మందుకు లొంగకుండా పోయాయి. అయిదేళ్లకు చూస్తే రెండు గుంపుల మరణాలలో తేడా కొంచెమే. మధ్యలో మాత్రలు మానితే నేడు కూడా అదే జరుగుతుంది. అప్పుడు మందులు మారతాయి, చికిత్స ఇంకా కష్టమవుతుంది.

ప్రార్థన చేయించుకొన్నాను, ఇక మాత్రలు వేసుకొంటే అవిశ్వాసము కాదా అని అడిగేవారున్నారు. హిజ్కియా కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. అదే సమయములో అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమని యెషయా చెప్పాడు. కట్టారు. దానిని ఎవరూ అవిశ్వాసము అనలేదు.

సంఘ కాపరులారా, మీతో ఒక మాట. ఆదివారము ఎవరైనా లేచి క్షయ పోయిందని సాక్ష్యము చెప్తే దేవుని స్తుతించండి. ఆరాధన అయిన తరువాత ఆ సహోదరుని పక్కకు పిలిచి, ఆరు నెలలు పూర్తయ్యాయా అన్నా, చివరి తెమడ పరీక్ష చేయించావా అని అడగండి. చేయించలేదంటే సోమవారము ఉదయము మీరే తోడుగా వెళ్లండి.

తలలు వంచండి, ప్రార్థించుకొందాము.