తెరమీది మాట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



తెరపై బొమ్మను చూపి కథ చెప్పుట తెలుగువారికి క్రొత్త కాదు. తోలుబొమ్మలాటలో దీపము తెర వెనుక వెలుగును. బొమ్మ తెరకు ఆనుకొని ఆడును. మాటయు పద్యమును ఆడించువాని గొంతునుండి వచ్చును. రావణుని పలుకులను రావణుని బొమ్మపై ఎవరును వ్రాసియుంచరు. ఆ పాత్రతో పని తీరినంతనే బొమ్మ తెరనుండి తొలగిపోవును. ఐరోపాలో 17వ శతాబ్దమున, డచ్చి శాస్త్రజ్ఞుడగు హైగెన్సు కాలమున, గాజుపలకపై బొమ్మను దీపకాంతితో గోడమీద పెద్దదిగా చూపు మాయాదీపము వెలసినది. నేటి కంప్యూటరు స్లైడు ఆ గాజుపలక వంశములోనిదే. 1987లో ఫోర్‌థాట్ అను అమెరికా సంస్థ పవర్‌పాయింటు అను సాధనమును వెలువరింపగా, ఆ సంవత్సరమే మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని కోటి నలుబది లక్షల డాలర్లకు కొనినది. ఇప్పుడు మన పల్లెల బిడ్డలు సైతము కళాశాలలలోను, ఉద్యోగములలోను స్లైడులు వేసి ప్రసంగించుచున్నారు. సాధనము సులభముగనే చేతికి వచ్చినది. విద్య అంత సులభముగ వచ్చునది కాదు. ఇందులకు ఏడుగురి ప్రాణములతో ముడిపడిన నిదర్శన మొకటి కలదు.

2003 జనవరి 16వ తేదీన అమెరికాలోని ఫ్లారిడానుండి కొలంబియా అను అంతరిక్ష నౌక బయలుదేరినది. హర్యానాలోని కర్నాలులో జన్మించిన కల్పనా చావ్లా అందలి ఏడుగురిలో నొకరు. నౌక లేచిన నిమిషమున్నర లోపుననే, ఇంధనపు తొట్టిపై కప్పిన నురుగు పదార్థపు ముక్క యొకటి ఊడి ఎడమ రెక్కను తాకినది. నౌక ఇంకను అంతరిక్షమున నుండగనే ఇంజనీర్లు ఆ దెబ్బ ఎంతటిదో లెక్కించి, స్లైడుల రూపమున అధికారులకు నివేదించిరి.

అందలి ఒక స్లైడును అనంతరము విచారణ సంఘమువారు తమ నివేదికయందు ముద్రించిరి. దాని శీర్షిక చదివిన వానికి, పూర్వపు పరీక్షల లెక్కలు నష్టమును ఉన్నదానికంటె ఎక్కువగనే చూపుచున్నవి గావున భయము లేదను భావము కలుగును. శీర్షిక క్రింద అంశములు, వాని క్రింద ఉపాంశములు, వాని లోపల మరికొన్ని. అక్షరములు మెట్టు మెట్టుకు చిన్నవగుచు పోయినవి. ‘గణనీయము’ అను అర్థముగల మాట అయిదుమార్లు వచ్చినది. ఎంత గణనీయమో ఒక్కమారును స్పష్టము కాలేదు. ఘనపుటంగుళమను ఒకే కొలతను ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరున వ్రాసిరి. చిట్టా వ్రాయు గుమాస్తా ఇట్లు చేసినచో ఏ యజమానియు ఊరకుండడు! అసలు విషయము అట్టడుగున, అతి చిన్న అక్షరములలో నున్నది: పరీక్షలో వాడిన ముక్క 3 ఘనపుటంగుళములు, రెక్కను తాకినది 1920. అనగా 640 రెట్లు. ఆ పరీక్షలు ఈ దెబ్బకు వర్తింపవనుటకు అంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఫిబ్రవరి 1వ తేదీన నేలకు దిగుటకు పదునారు నిమిషములు ముందుగా కొలంబియా టెక్సాసు గగనమున ముక్కలైపోయినది. ఏడుగురును మరణించిరి. నాటి జులైలో అటువంటి నురుగు ముక్కను రెక్క అంచు పలకపై ప్రయోగించి చూడగా సుమారు 16 అంగుళముల రంధ్రము పడినది. ఆ స్లైడే సర్వనాశనమునకు కారణమనుట న్యాయము కాదు. రెక్కను ఛాయాచిత్రము తీయింపుడని ఇంజనీర్లు కోరినను అది జరుగలేదు. కాని ఆ స్లైడు చదివిన పై అధికారికి ఇది ప్రాణముల మీది మాటయని తోచకపోవుటలో వింత లేదని విచారణ సంఘమువారే పేర్కొనిరి. యేల్ విశ్వవిద్యాలయపు పూర్వాచార్యుడగు ఎడ్వర్డ్ టఫ్టీ ఆ స్లైడును పంక్తి పంక్తిగా విమర్శించి చూపెను.

సుందరకాండ చెప్పునపుడు పౌరాణికులు ఒక విశేషమును తప్పక వివరింతురు. లంకనుండి మరలివచ్చిన హనుమ తన సముద్రలంఘనముతో కథ మొదలిడలేదు. సీతను చూచిన మాటయే ముందు చెప్పెను. అందును చూచుటను ముందుంచి, సీత పేరును పిదప పలికెనందురు. పేరు ముందు వినినచో, ఆపై ఏ వార్త రానున్నదోయని రాముని మనస్సు అరక్షణమైనను తల్లడిల్లునట! కొలంబియా స్లైడు వ్రాసినవారికి ఈ క్రమము తలక్రిందైనది. తాకిన ముక్క పరీక్షించిన దానికంటె 640 రెట్లు పెద్దది, రెక్క ఎట్లున్నదో తెలియదు అను వాక్యమే వారి శీర్షిక కావలసినది. దాని క్రింద రెండు బొమ్మలు చాలును: ఒక ప్రక్క నిమ్మకాయంత ముక్క, రెండవ ప్రక్క అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తుగల పెట్టెకంటెను పెద్దదగు ముక్క. అది చూచిన అధికారి ఆ రాత్రి నిద్రపోయి యుండడు.

మన యిండ్ల పనికిని ఇదే పద్ధతి. చెరువు ఆయకట్టునుగూర్చి రైతుల సభలో చెప్పదలచినవారు సర్వే నంబరులన్నియు తెరకెక్కించినచో ఎవడును చదువడు. ఆయకట్టు పటమును చూపి, నీరందని చివరి పొలములకు మాత్రము ఎఱ్ఱరంగు వేసి, నీరు ఎచ్చట ఆగుచున్నదో పైన ఒక వాక్యము వ్రాసిన చాలును. లెక్కల పట్టికలను అచ్చువేయించి చేతికీయవలెను. కాగితము ఇంటికి పోయి మరల చదువుకొనదగినది, తెర అట్టిది కాదు. అక్షరము సరిపోయినదో లేదో తెలిసికొనుటకు సభకు ముందుగా కడపటి బల్లపై కూర్చుండి చూడవలెను.

ఇక ప్రసంగించునప్పటి మాట. తెరవైపు తిరిగి, ఉన్నది ఉన్నట్లు చదివి వినిపించుట మిక్కిలి విసుగు పుట్టించును. నాలుక సగము చదువునప్పటికే శ్రోతల కన్ను ముగించియుండును. క్రొత్త స్లైడు వచ్చినపుడు రెండు ఊపిరులంత సేపు ఊరకుండి, వారిని చూడనిచ్చి, పిదప వారి ముఖములు చూచుచు మాటాడవలెను. కొందరు నవ్వు పుట్టించు బొమ్మలను నడుమ నడుమ చొప్పింతురు. కేతిగాడును బంగారక్కయు వచ్చు వేళ ఎరిగి వత్తురు; వీరు వేళ ఎరుగరు. ఇంటియొద్ద స్లైడులు లేకుండ ఒకమారు గొంతెత్తి చెప్పి చూచుకొన్నవారికి సభలో కరెంటు పోయినను భయముండదు. చెప్పు మాటకు తెరతో పనిలేని ఘట్టము వచ్చినపుడు పవర్‌పాయింటులో ‘బి’ అను మీట నొక్కినచో తెర చీకటియగును. మరల నొక్కినచో స్లైడు తిరిగి వచ్చును.