దేశం లేని ఆచార్యుడు

 



మన నెల్లూరు తీరాన తుఫాను తర్వాత దారితప్పిన పడవ ఒడ్డుకు చేరితే, ఏ ఊరిదని తర్వాత అడుగుతాము. ముందు మంచినీళ్ళు ఇస్తాము. ఆ పడవ తిరిగి వేటకు పోయేదాకా మన బాధ్యత తీరలేదనుకుంటాము. యుద్ధం తరిమిన పండితునికి అన్నం పెడితే ఆకలి తీరుతుంది. అయితే అతడు పోగొట్టుకున్నది తరగతి గదిని, గ్రంథాలయాన్ని, ఎదుట కూర్చునే విద్యార్థులను.

డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు 1908లో హైదరాబాదులో జన్మించారు. బాన్‌లోనూ పారిస్‌లోనూ డాక్టరేట్లు పొంది, ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించారు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులో ప్రవేశించే నాటికి, నిజాం ప్రభుత్వం పక్షాన విదేశంలో ఉన్నారు. మరి తిరిగి రాలేదు. ఆ రాజకీయ పక్షాన్ని మేము సమర్థించడం లేదు. రజాకార్ల దౌర్జన్యాలూ, ఆ తర్వాత అమాయకులపై సాగిన హత్యలూ రెండూ ఆ నేలపై జరిగినవే. మరే దేశ పౌరసత్వమూ స్వీకరించక, శరణార్థిగానే దాదాపు అర్ధశతాబ్దం ఆయన పారిస్‌లో ఒంటరిగా గడిపారు.

ఆ ఒంటరితనంలోనే, అబూ హురైరా (ర) శిష్యులైన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ గారి సహీఫాను బెర్లిన్, డమాస్కస్ రాతప్రతుల ఆధారంగా పరిష్కరించి 1953లో వెలువరించారు. అందులో 138 హదీసులున్నాయి. హదీసులు రెండు శతాబ్దాల తర్వాతే గ్రంథస్థమయ్యాయనే వాదనకు ఆ చిన్న పుస్తకం గట్టి జవాబయింది. 1959లో దివ్యఖుర్ఆన్‌కు వారి ఫ్రెంచి అనువాదం వచ్చింది. 1954 నుండి 1978 వరకు ఆయనకు కొలువిచ్చింది ఫ్రాన్సు జాతీయ పరిశోధనా సంస్థ. కొలువిచ్చినవారు మనవారు కారు!

మదర్సాలో మేము ఆ సహీఫా పేరు వల్లెవేస్తూ, దాని పరిష్కర్త ఎప్పుడో గతించిన మహనీయుడనుకున్నాము. ఆయన అప్పటికి జీవించే ఉన్నారు. 2002 డిసెంబరు 17న అమెరికాలో కన్నుమూశారు. మేము ఒక్క ఉత్తరమైనా రాయలేదు.

నేడు గాజాలో విశ్వవిద్యాలయాలు నేలమట్టమయ్యాయి. 2021 ఆగస్టు తర్వాత కాబూల్ నుండి ఎందరో అధ్యాపకులు వెళ్ళిపోయారు. 2022 డిసెంబరులో అక్కడ స్త్రీలకు విశ్వవిద్యాలయాల తలుపులు మూశారు. విద్యార్జనను విధిగా ఎంచే ధర్మం పేరిట ఈ పని జరగడం మాకు మరింత బాధాకరం.

మదీనాలో సఅద్ బిన్ రబీ (ర) తన ఆస్తిలో సగమిస్తానన్నప్పుడు, ముహాజిరైన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) ఆయనను దీవించి, బజారుకు దారి చూపమన్నారు. ఆయన కోరింది పని. నిరాశ్రయులైన అధ్యాపకులు ఇప్పుడు ఫోనులోనే అరబీ పాఠాలు చెబుతున్నారు. మన పిల్లలకు అలాంటి ఒక గురువును కుదుర్చుకుందామని మా ప్రతిపాదన. ఇచ్చేది జకాత్ కాదు, సదఖా కాదు. నెలనెలా తప్పక చెల్లించే జీతం. ఆడపిల్లలూ కూర్చోవాలి. నేడు ఇషా నమాజు తర్వాత కమిటీ పెద్దలు ఇక్కడే ఉంటారు. మీ పిల్లల పేర్లు రాయించండి.