గేజి తీసి చూడనిదే బండి కదలరాదు
(దొరవారిసత్రంలో పాల సంఘాల సభ్యులకు, రూటు వ్యాను డ్రైవర్లకు చేసిన ప్రసంగ పాఠం)



నేను పచ్చిమేత గురించో, వెన్న శాతం గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. వాటికి పశువుల డాక్టరుగారు ఉన్నారు. నేను చెప్పబోయేది ఇంజను ఆయిలు గురించి. పాల సంఘానికి ఇంజను ఆయిలుతో ఏమి పని అని వెనుక బెంచీ మీద ఒకాయన అప్పుడే నవ్వుతున్నారు. పని ఉన్నది. వ్యానులో 40 లీటర్ల క్యాన్లు ముప్పై ఉన్నాయనుకోండి. అంటే 1,200 లీటర్లు. మే నెల ఎండలో నాయుడుపేటకు ఇవతల, జాతీయ రహదారి మీద ఆ ఇంజను పట్టేసిందంటే ఇంకొక బండి వచ్చి క్యాన్లు మార్చుకొనేసరికి ఎన్ని గంటలవుతుంది? చల్లార్చని పాలు అంతసేపు ఆగవు. డెయిరీ గేటు దగ్గర కాచి చూస్తారు, విరుగుతాయి, వెనక్కు పంపుతారు. ఇంజను బాగుచేయించుకొనేది బండి యజమాని. పాల డబ్బు పోయేది మాత్రం రెండు గేదెలు పెట్టుకొని నాలుగు లీటర్లు పోసే అక్కది.

ఇంజను లోపల ఇనుము ఇనుముతో రాసుకోకుండా మధ్యన పలుచని పొరగా నిలబడేది ఆయిలు. వేడిని లాగేదీ, మసిని మోసేదీ అదే. అది అడుగున సంపు అనే తొట్టిలో ఉంటుంది. ఎంత ఉన్నదో చూడడానికి పెట్టినదే డిప్‌స్టిక్కు. మన డ్రైవర్లు గేజి అంటారు. పూర్వం ఈ సుఖం కూడా లేదు. అమెరికాలో 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారుకు గేజి ఉండేది కాదు. ఇంజను అడుగుభాగాన రెండు చిన్న కుళాయిలు ఉండేవి. బండి కిందికి దూరి, పై కుళాయిలోంచి ఆయిలు వస్తుందా, కింది దాంట్లోంచి వస్తుందా అని తిప్పి చూసుకొనేవారు. మనకు బానెట్టు ఎత్తితే చాలు.

చూసే పద్ధతి మీకు కొత్తదేమీ కాదు. కూలింగ్ సెంటరులో పాల ట్యాంకుకు కొలపుల్ల ఉన్నది కదా. ట్యాంకు ఒక పక్కకు ఒరిగి ఉంటే లెక్క తప్పుతుందని మట్టం చూసి బిగిస్తారు. కలియబెట్టే రెక్క ఆపి, పాలు నిలకడ పొందాక పుల్ల ముంచుతారు. ల్యాక్టోమీటరు వేసే ముందు నురగ తగ్గనిస్తారు. ఇక్కడా అంతే. బండి చదునైన చోట నిలపాలి. రోడ్డు వార కట్ట మీద ఒక చక్రం ఎత్తుగా, ఒకటి పల్లంగా పెట్టి చూస్తే గేజి అబద్ధం చెబుతుంది. ఇంజను ఆపి పది నిమిషాలు ఆగాలి. పైన తిరుగుతున్న ఆయిలు సంపులోకి దిగాలి గదా. తెల్లవారి బండి తీయకముందు చూస్తే ఈ ఆగే పని కూడా తప్పుతుంది. కొన్ని బండ్లకు ఇంజను వేడెక్కించి చూడమని కంపెనీ పుస్తకంలో ఉంటుంది, అప్పుడు పుస్తకం మాటే వినాలి.

గేజి లాగగానే చూసి మళ్ళీ గుచ్చేస్తారు చాలామంది. అది చూసినట్టు కాదు. బండి కుదుపులకు గొట్టమంతా చిమ్మిన ఆయిలు పుల్లకు అంటుకొని ఉంటుంది. మొదటిసారి లాగినది తుడవడానికే. పోగులు ఊడని శుభ్రమైన గుడ్డతో తుడిచి, చివరిదాకా దించి, మళ్ళీ తీసి, అప్పుడు చూడాలి. రెండు గీతలు ఉంటాయి, కొన్నింటి మీద ఎచ్, ఎల్ అని అక్షరాలు ఉంటాయి. తడి ఈ రెంటి మధ్యన ఉండాలి. కింది గీతకు దగ్గరైతే అదే గ్రేడు ఆయిలు కొంచెం కొంచెంగా పోసి, కాసేపాగి, మళ్ళీ చూడాలి. డబ్బా మీద 15డబ్ల్యూ-40 వంటి అంకెలుంటాయి. మీ బండికి ఏది చెప్పారో అదే తెచ్చుకోండి.

ఎక్కువ పోస్తే ఇంకా మంచిదే గదా అనే పెద్దమనుషులు ఉన్నారు. కాదండీ. గీత దాటితే క్రాంకు ఆయిలులో మునిగి చిలుకుతుంది. చిలికితే నురగ వస్తుందని మీకు నేను చెప్పాలా? నురగ ఎక్కిన ఆయిలుకు ఒత్తిడి నిలవదు. సీళ్ళు కారతాయి.

మట్టంతోపాటు రంగు, వాసన చూడండి. డీజిలు ఇంజనులో ఆయిలు త్వరగా నల్లబడుతుంది. అది మసి, అందుకు భయం లేదు. ఆయిలు మజ్జిగలాగా, పాలు పోసిన టీలాగా కనిపిస్తే మాత్రం బండి తీయవద్దు, లోపలికి నీళ్ళు చేరాయి. పాలలో నీళ్ళు పట్టుకోవడంలో మన కార్యదర్శులను మించినవారు లేరు, ఇక్కడ కూడా ఆ కన్నే పెట్టండి. పోయకుండానే మట్టం పెరిగి, డీజిలు వాసన కొడితే ఎక్కడో డీజిలు దిగుతున్నదన్నమాట. వెంటనే మెకానిక్కుకు చూపాలి.

నీళ్ళ మాట మన ప్రాంతానికి మరీ ముఖ్యం. 2015 నవంబరు వానలు, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫాను మీకు గుర్తున్నాయి. నేలపట్టు చెరువుకు గూడబాతులు వచ్చే కాలమే మనకు రోడ్ల మీద నీళ్ళు పారే కాలం. ఇంజను మునిగేంత నీటిలో నిలిచిన బండికి తాళం తిప్పి చూడకూడదు. ముందు గేజి తీయాలి. ఇక 2022లో మన మండలం తిరుపతి జిల్లాలోకి వెళ్ళినా పులికాటు మీది ఉప్పుగాలి మాత్రం మనతోనే ఉన్నది. రేకు సంపులు తుప్పు పట్టి చెమరుస్తాయి. రాత్రి బండి నిలిపిన చోట నేలమీద మరక ఉన్నదేమో చూడండి.

జనరేటరు సంగతి వేరుగా చెప్పాలి. తుఫాను తరువాత కరెంటు రెండు రోజులు లేదు. మన పక్క రూటులో ఒక సంఘంలో జనరేటరు ఆపకుండా నడిపారు. డీజిలు మాత్రం వేళకు పోశారు. ఆయిలు ఎవరూ చూడలేదు. రెండో రాత్రి పట్టేసింది. 4 డిగ్రీలలో ఉండవలసిన పాలు తెల్లారేసరికి వెచ్చబడ్డాయి. ఎనిమిది, పది గంటలకొకసారి ఆపి, పది నిమిషాలు ఓర్చుకొని గేజి చూసి ఉంటే ట్యాంకు పాలు దక్కేవి. పది నిమిషాలకు చల్లబడ్డ పాలు చెడవు.

ఎర్ర దీపం వెలిగినప్పుడు చూసుకుందాంలే అనుకోవద్దు. ఆ దీపం చెప్పేది ఒత్తిడి గురించి, మట్టం గురించి కాదు. అది వెలిగేసరికి లోపల ఇనుము రాసుకొంటూ ఉండవచ్చు. నడుస్తుండగా వెలిగితే ఊరు చేరేదాకా లాగకుండా అక్కడే ఆపాలి.

మోటారు సైకిలుకు క్యాన్లు కట్టుకొచ్చే తమ్ముళ్ళకు ఒక మాట. పాత రెండు స్ట్రోకుల మోపెడ్లకు పెట్రోలులోనే ఆయిలు కలిపేవాళ్ళం. ఇప్పటి నాలుగు స్ట్రోకుల బండికి ఆయిలు విడిగా ఉంటుంది, దాన్ని చూసుకోవాలి. మధ్య స్టాండు మీద నిటారుగా నిలిపి, మూతకున్న పుల్లను తుడిచి ముంచాలి. చాలా బండ్లకు మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడమంటారు. మీ పుస్తకంలో చూసుకోండి.

ఇది డ్రైవరు పని అని వదిలేస్తే జరగదు. క్యాన్ల లెక్క రాసే ట్రక్కు షీటులోనే ఆయిలుకు ఒక గడి గీయండి. మొదటి సంఘం కార్యదర్శి గేజి తన కంటితో చూసి సంతకం పెట్టాలి. డ్రైవరు నొచ్చుకుంటాడని మొహమాటపడవద్దు. మీ పాలు ఆయన రోజూ లెక్కపెట్టుకోవడం లేదా?

చివరిగా ఆ తుడిచే గుడ్డ. దాన్ని క్యాన్లు తుడిచే గుడ్డలతో కలపవద్దు. వ్యానులో వేరే డబ్బాలో పెట్టండి. ఆయిలు చేతులతో క్యాను మూత ముట్టరాదు, సబ్బుతో కడుక్కోవాలి. పాలు వాసనను ఇట్టే పట్టుకొంటాయి. తీసేసిన పాత ఆయిలు గొడ్ల గజ్జికి రాసే అలవాటు కొన్ని ఊళ్ళలో ఉన్నది. గొడ్డు ఒళ్ళు నాకుతుంది, ఆ మడ్డి కడుపులోకి పోతుంది. అది వెంటనే మానండి. గజ్జికి మందు పశువుల ఆస్పత్రిలో ఇస్తారు.