గర్టన్ కళాశాల - పట్టము లేని చదువు

ప్రతి ఉదయమును ప్రగతి నగరమునుండి హైటెక్ సిటీకి ఉద్యోగములకు పోవు యువతులలో పలువురు పట్టభద్రులు. స్త్రీకి పట్టమిచ్చుట ఒకప్పుడు ఎంతటి వివాదమో నేడు ఊహించుటయు కష్టము. ఆ వివాదమును చిరకాలము భరించిన విద్యాలయములలో ఒకటి ఇంగ్లండులోని గర్టన్ కళాశాల. దానికిని మన హైదరాబాదునకును సంబంధము కలదు.

1869లో ఎమిలీ డేవిస్ మొదలగువారు హిచిన్ అను ఊరిలో ఐదుగురు విద్యార్థినులతో దీనిని ప్రారంభించిరి. 1873లో కేంబ్రిడ్జికి రమారమి రెండు మైళ్ల దూరముననున్న గర్టన్ గ్రామమునకు తరలించిరి. పురుషుల కళాశాలలకు మరీ చేరువైనచో లోకము నిందించునను శంక ఆ దూరమునకు ఒక కారణము. స్త్రీలకు వేరుగా పరీక్షలు పెట్టుటకు ఎమిలీ డేవిస్ సమ్మతింపలేదు. పురుషులు వ్రాయు పరీక్షలే తన విద్యార్థినులును వ్రాయవలెననెను. వారు వ్రాసిరి, ఉత్తీర్ణులైరి. పట్టము మాత్రము రాలేదు.

1895లో పదునారేండ్ల సరోజినీ చట్టోపాధ్యాయ నైజాము ప్రభువు ఇచ్చిన విద్యార్థి వేతనముతో ఇంగ్లండు చేరెను. లండనులోని కింగ్స్ కళాశాలలోను, పిమ్మట గర్టనులోను చదివెను. ఆమె ఆ దేశముననున్న కాలముననే, 1897లో, స్త్రీలకు పట్టములిచ్చు ప్రతిపాదన కేంబ్రిడ్జిలో ఓడిపోయెను. ఓటింగునాడు సైకిలెక్కిన స్త్రీ బొమ్మనొకదానిని వీధిపై వ్రేలాడగట్టి హేళన చేసిరి. 1898లో సరోజిని పట్టము లేకయే మరలివచ్చి, డాక్టరు గోవిందరాజులు నాయుడుగారిని వివాహమాడెను. ఆమెయే 1925లో కాంగ్రెసు అధ్యక్షురాలును, 1947లో సంయుక్త రాష్ట్రమునకు గవర్నరును అయ్యెను. కేంబ్రిడ్జి స్త్రీలకు సంపూర్ణముగా పట్టములిచ్చినది ఆ మరుసటి ఏడు, 1948లో! నాంపల్లిలోని ఆమె కుటుంబమువారి గోల్డెన్ త్రెషోల్డ్ భవనముననే, నేడు గచ్చిబౌలిలోనున్న హైదరాబాదు విశ్వవిద్యాలయము మొదట నడచినది.

అట్లని పట్టము అనవసరమని తలపరాదు. సరోజినీదేవి వంటి ప్రతిభ కోటికొక్కరికి. సామాన్య గృహములోని బాలికకు ఆ కాగితమే ఉద్యోగమునకు త్రోవ.

గర్టన్ 1979లో పురుష విద్యార్థులను చేర్చుకొనెను. సమీపముననే ఉన్న న్యూన్‌హామ్ నేటికిని స్త్రీల కళాశాలయే. మన నగరమున 1924లో వెలసిన కోఠీ మహిళా కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమై, పిమ్మట చాకలి ఐలమ్మ పేరు దాల్చినది. వీనిలో ఏ మార్గము మేలు? ఆడపిల్లల కళాశాల అయినచోనే పంపుదుమను తల్లిదండ్రులు మనలో ఇంకను కలరు. వారి కుమార్తెకు ఇల్లు దాటుటకు అదియే మొదటి గడప. వేరొక గడప ఆమెకు తెరచుకొనువరకు దానిని కాపాడుకొనుట మంచిది.