రెండు నిముషముల మాట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పచ్చడి తిన్న నోటితో ఇంగ్లీషు ఊసు ఎత్తుట బాగుండదని తెలిసియు, ఆ సంగతే చెప్పవలసి వచ్చినది. ఏడాదిగా ప్రతి ఆదివారము సాయంత్రము మన సంఘము గదిలో మేము పిల్లలచేత ఐయెల్ట్సు పరీక్షలోని మాట్లాడు భాగమును అభ్యాసము చేయించుచున్నాము. అదేమి చదువని షోలాపురములో మనవారు కొందరు అడిగినారు.

ఈ పరీక్ష ఈ పేరుతో 1989 నుండి నడచుచున్నది. వినుట, చదువుట, వ్రాయుట, మాట్లాడుట అని నాలుగు భాగములు. మాట్లాడు భాగము 11 నుండి 14 నిముషములు. మొదట ఊరు, ఇల్లు, చదువు మీద ప్రశ్నలు. చివర కొంచెము లోతైన చర్చ. నడుమ ఉన్నదే అసలు గండము. పరీక్షకుడు ఒక కార్డు ఇచ్చును. ఆలోచించుకొనుటకు 1 నిముషము, కాగితము, పెన్సిలు. తరువాత 2 నిముషముల వరకు మనమొక్కరమే మాట్లాడవలెను. ఈ పరీక్ష మీదుగా ఇంగ్లండులో నర్సుగా నమోదు కావలెనన్న మాటలో 7 రావలెను, వ్రాతలో 6.5 చాలును. మన బడులలోనో, అంతయు వ్రాతయే!

మా మొదటి శిష్యురాలు నర్సింగు చదివిన అమ్మాయి. అంతకుముందే ఒకసారి పరీక్షకు వెళ్ళి, మాటలో 5.5 దగ్గర ఆగిపోయినది. ఫీజు పోయినది. వేలు తీసికొన్న కోచింగు వారొకరు ఆమెచేత జవాబుల పుస్తకము కంఠస్థము చేయించినారు. ‘నీవు మెచ్చిన మనిషి’ అని కార్డు ఇచ్చినాము. రాష్ట్రపతి కలాముగారిని గురించి గడగడ వల్లించినది. తరువాత కూర్చున్న ఇద్దరును అదే కలాముగారిని, అవే మాటలతో! పరీక్షకులకు ఇది కంఠపాఠమని తెలియదా?

మేమును ఒక పొరపాటు చేసినాము. తప్పు దొర్లగానే ఆపి దిద్దినాము. మూడవ ఆదివారమునకు ఆ అమ్మాయికి నోరే పెగలలేదు. మేమేమి పండితులమా? రైల్వే కౌంటరు వెనుక ‘ఎక్కడికి, ఎందరు, ఎంత’ అని నాలుగు భాషలలో అనుటయే మా పాండిత్యము.

అప్పుడు ఇంగ్లీషు పక్కన పెట్టి, “మీ అవ్వ సంగతి తెలుగులో చెప్పమ్మా” అన్నాము. ఇక చూడండి! తునికాకు తడుపుట, మెత్తబడినాక కొలతకు కత్తిరించుట, తంబాకు పోసి చుట్టుట, దారము కట్టుట, కార్ఖానాలో అప్పగించుట. అక్కడ బాగులేవని పక్కకు నెట్టిన బీడీలకు కూలి రాకపోవుట. ఆ మిగిలిన కూలితోనే మనుమరాలిని చదివించుట. గడియారము 6 నిముషములు దాటినది. నడుమ మరాఠీ మాటలు పడినవి, పడనిండు.

మరుసటి వారము అదే సంగతి ఇంగ్లీషులో. తునికాకు దగ్గర మాట దొరకక ఆగినది. “బీడీ చుట్టే ఆకు అను, ముందుకు పో” అన్నాము. తెలియని మాటను తెలిసిన మాటలతో చెప్పుకొని వచ్చుటకు ఆ పరీక్షలో విలువ ఉన్నది. తప్పులు కాగితము మీద వ్రాసికొని, అంతా ముగిసినాకనే చెప్పినాము. ఫోనులో రికార్డు చేసి ఆమెకే వినిపించినాము. ‘బుక్’ను ‘బుక్కు’ అని, ‘వర్క్’ను ‘వర్కు’ అని మన ఉకారమును తోకవలె తగిలించుట ఆమె చెవికే పట్టుబడినది. దొరల యాస అక్కరలేదు, వినువారికి స్పష్టముగా తెలిసిన చాలును.

వచ్చే నెలలో ఆమె మళ్ళీ పరీక్షకు కూర్చుండబోవుచున్నది. ఏ కార్డు వచ్చునో! అవ్వకు మాత్రము ఈ గొడవ నచ్చలేదు. “నా బీడీల ముచ్చట దొరలకెందుకే బిడ్డా?” అన్నదట. ఈ ఆదివారము ఆమెను కూడ రమ్మన్నాము. వాచీ ఉన్న పెద్దలెవరయినను రావచ్చును, ప్రశ్నలడుగువారు చాలుటలేదు.